వెయిటింగ్ ఛార్జీ

కొండ దిగొచ్చినోళ్లు.
తల్లికీ కొడుక్కీ గుండ్లు, గంధం ఇంకా ఆరలా.
కోడలు మూడు కత్తెర్లిచ్చిందంట.
ఒళ్లో లడ్డు కవర్లు.
గూడూరులో రాత్రి తొమ్మిదిన్నరకి రైలు.
"అందాకా ఏందన్నా ఉంటే చూపించన్నా" అన్నాడు కొడుకు త్రినాథ్.
వాళ్లది సాలూరు తట్టు.

వాకాడు బ్రిడ్జి మింద ఆపి నదిని చూపించినా.
స్వర్ణముఖి.
పొద్దున కాళాస్తి కాడ దాటొచ్చింటారే, అదే.
అక్కడ ఇసక, ఇక్కడ రవంత నీళ్లు.
ఇదీ మీ మాదిరే కొండల్లోంచి దిగి
సముద్రం చూడను పోతా ఉండాది, అన్నా.
ఎవురూ నవ్వలా.
ఈ మాట అందరికీ చెప్తా. సగం మంది నవ్వుతారు.

దుగరాజపట్నం దారంతా రొయ్యల గుంటలు,
గుంటల్లో నురగ చిమ్మే చక్రాలు,
ఎదురొచ్చే ఐసు లారీ కారుస్తా పోయిన తడి.
"ఏముందన్నా ఆడ?"
ఓడలాగిన రేవు సార్. తెల్లోళ్ల గోదాము, ఫిరంగులు,
మన నేతగాళ్ల గుడ్డల మూటలు.
నాలుగొందల ఏండ్ల నాటి మాట.

దిగినారు.
"ఏదీ?"
నువ్వు నిలబడుకోనుండేదే సార్.

ఇసక. ముళ్లకంప.
బోర్లేసిన పడవ, దాని నీడలో కుక్క.
త్రినాథ్ ఫోనెత్తి చుట్టూ తిరిగినాడు,
కోట లేంది ఏ పక్కనో తేల్చుకోలేక.
లైట్‌హౌసు గేటుకి తాళం.
వాచ్‌మన్ అన్నానికి పోయుండాడు.
"బోటింగు కూడా లేదేటి?" అనింది కోడలు.
ఆ మొగాలు నాకు తెలుసు.
బాడుగలో వందా రెండొందలు కోసే మొగాలు.

పైడమ్మ మాత్రం చెప్పులిడిసి
తడి ఇసక అంచుకి పోయి కూచునింది.
గాలొచ్చి ఆమె నెత్తిన ఎంటికల కోసం ఎతికింది.
ఆమె చెయ్యీ ముడి ఉండే తావుకి పోయి,
ఏమీ దొరక్క, ఊరికే దిగొచ్చింది.

"అమ్మా లెగు, ఏటుంది ఇక్కడ?"

"ఉండ్రా. నిన్న పదారు గంటలు నిలబెట్టీసినారు.
తీరా ఎదురికెల్తే భుజమ్మీద సెయ్యేసి
జరగండి జరగండి.
సామి మొకం సూసేనో, ముందలాయన వీపు సూసేనో,
ఒట్టు, నాకు తెల్దు.
ఈ నీల్లు నన్ను జరగమన్నేదు గదా.
సూడనీ."

నేను ఈ రేవులోనే పుట్టినా.
మా నాయన సముద్రంలో గాలిని చూసేవోడు, చేపని చూసేవోడు.
నేను డీజిలు రేటు చూస్తా.
ఊరికే చూడ్డమంటే ఎట్టనో
మా ఇంట్లో ఎవురూ నేర్పలా.
ఆమెకి రెండు బారల ఎడంగా కూచున్నా.
యాడ చూడాల్నో తెలీక ఆమె చూసే తట్టే చూసినా.
ఆడ ఏం లేదు.
శానాసేపు ఏం లేదు.
తర్వాత నీళ్లు పచ్చనుంచి సీసం రంగుకి తిరిగినాయి,
యాడ తిరిగినాయో పట్టుకోలేకపోయినా.

"ఆ ఓడలోల్లు ఎందుకెల్లిపోనారు బాబూ?"

ఇన్నేండ్లలో ఎవురూ అడగలా.
తెలీదమ్మా, ఇంకో రేవు బాగుందని పోయుంటారు, అన్నా.
"అంతేలే" అని
లడ్డు తుంచి పెద్ద ముక్క నాకిచ్చింది.
జీడిపప్పు నా దాంట్లోనే పడింది.

గూడూరు స్టేషన్ ముందర త్రినాథ్ లెక్కేసినాడు,
పోనూ రానూ ఇంత, వెయిటింగు రెండు గంటలకింత.
వెయిటింగు వద్దులే సార్, అనేసినా.
ఆ నెల ఆటో కంతుకి మూడొందలు తక్కువొస్తే
మా ఆడమనిషి చేత బాగా తిన్నా.

మర్నాడు ఇద్దరు కాలేజీ పిల్లోళ్లు.
వెనక సీటు ఇసక దులపతా ఉంటే వచ్చినారు.
"అన్నా, దుగరాజపట్నంలో చూడ్డానికేముంది?"
ఓడలాగిన రేవు, అని మొదలుపెట్టబోయి
నాలిక్కరుచుకున్నా.
"మీకు టైముందా?" అనడిగినా.