చెప్పే కన్నం

ముందు చప్పుడు వచ్చింది.
ఉప్పు మైదానం దాటి వస్తున్న పెజో 404
కనబడకముందే వినబడింది,
నిద్రలో ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు.

ఎదువిహెస్ బండి ఆపింది గాని దిగలేదు.
"ఏడుస్తోంది," అంది.
రేడియేటరు వెనక నుంచి ఒక్కో బొట్టు ఇసుకలో పడి
పడ్డచోటే ఎండి తెల్ల మచ్చవుతోంది.
అటకామాలో ఏ ఏడుపూ ఎక్కువసేపు కనబడదు.

నికాసియో మామ ఫ్యాను రెక్క పట్టి కదిపాడు.
పాలపన్నులా ఊగింది.
"ఇటు రా," అన్నాడు నాతో.
"పంపు పొట్ట కింద కన్నం చూశావా?
అది చెడి పడ్డది కాదు, కావాలని పెట్టింది.
లోపల సీలు పోతే బయటికి చెప్పడానికి.
కొందరు తెలివైనవాళ్ళు దాని నోరు మూస్తారు."
ఆమె వైపు మాత్రం చూడలేదు.
కన్నంలో సబ్బు అద్దిన అగ్గిపుల్ల,
దాని పక్కనుంచే ఊట.

కింది కుళాయి తిప్పి నీళ్ళు తొట్టిలోకి పట్టాను.
ఇక్కడ నీళ్ళు పారబోయరు, ఇంజనువైనా సరే.
తుప్పురంగు నీళ్ళు.
కుక్క వచ్చి వాసన చూసి మొహం తిప్పుకుంది.

బెల్టు వదులు చేశాం, ఫ్యాను విప్పాం.
అయిదు బోల్టులు మర్యాదగా వచ్చాయి.
ఆరోదాని తల నా చేతికొచ్చింది,
ఒళ్ళు లోపలే ఉండిపోయింది.
మామ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.
డ్రిల్లు పట్టుకుని పొద్దు వాలేదాకా
సూదితో ముల్లు తీసినట్టు తీశాడు.

నీరు పల్లమెరుగు.
ఇంజనులో పల్లం లేదు.
ఎవరో ఒకరు పట్టుకు తిప్పుతూ ఉండాలి,
తిప్పే చెయ్యి అరిగేదాకా.
ఊడదీసి చూస్తే రెక్కలు సగమే ఉన్నాయి.
మిగతా సగం సున్నం,
వేలు మందాన, గుల్లగా, తెల్లగా.

"ఏం నీళ్ళు పోస్తున్నావమ్మా?"
"మా ఊరి నీళ్ళే."
"బండికి మంచినీళ్ళు పోయాలి. నువ్వు తాగేవి."

ఆమె బండిలోంచి కెటిలు తెచ్చింది,
మూత తీసి పంపు పక్కన పెట్టింది.
అదే తెలుపు. అదే మందం.
"ఇవే తాగేది," అంది.

మామ చాలాసేపు నట్లు ఏరుతూ కూచున్నాడు,
ఏరడానికి ఏమీ లేకపోయినా.

కలామా నుంచి గురువారం బస్సులో కొత్త పంపు వచ్చింది.
పెట్టెలో గాస్కెట్ లేదు.
పాత క్యాలెండరు అట్ట పంపు మూతికి ఆనించి
చిన్న సుత్తితో అంచు చుట్టూ తట్టాను,
ఇనుము తన బొమ్మ తానే గీసుకుంది.
ఆగస్టు నెల కత్తిరించాను.
ఇరవై మూడో తేదీ ఒక బోల్టు చుట్టూ ఇంకా ఉంది.
గ్రీజు పూసి, ఎదురెదురు బోల్టులు
కొంచెం ఇది, కొంచెం అది బిగిస్తూ పోయాను.
ఈసారి నెమ్మదిగా.
బెల్టును బొటనవేలితో నొక్కి చూసి
మామ తలూపాడు.

అప్పుడు అటక మీది క్యాన్లు దించాడు,
బ్యాటరీల కోసం దాచుకున్న డిస్టిల్డ్ వాటర్,
మూడూ రేడియేటరులో పోశాడు.
డబ్బు మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు,
రెండు జున్నుముద్దలు బల్ల మీద పెట్టింది.

ఇంజను వేడెక్కేలోగా
ఆమె కెటిల్లోనే టీ కాచుకున్నాం.
ఈ ఎత్తులో నీళ్ళు త్వరగా మరుగుతాయి,
టీ మాత్రం ఎప్పటికీ సరిగ్గా దిగదు.
ముగ్గురం ఊరి నీళ్ళే తాగాం.
ఆ సాయంత్రం మంచినీళ్ళు తాగింది
బండి ఒక్కటే.

ముల్లు మధ్యకొచ్చి నిలబడింది.
ఎదువిహెస్ అద్దం దించి
ఏదో అనబోయి, చెవి పెట్టి విని,
గేరు వేసింది.

ఉప్పు మీద చాలా దూరం దాకా కనబడింది,
వినబడలేదు.

విరిగిన బోల్టు తల నా జేబులోనే ఉంది.
మామకు తెలుసు.