హద్దు చెట్లు

పడవ దిగగానే ముందు కనిపించింది చీపురు.
యుద్ధం జరిగిన తీరాన్ని కూడా
రోజూ ఎవరో ఒకరు ఊడవాలని
నాకెప్పుడూ తట్టలేదు.
సరుగుడు పుల్లలు, కొబ్బరి పీచు, ఒంటి ప్లాస్టిక్ చెప్పు
ఒక పక్కకి నెట్టి
"ఉండండి, టికెట్టు ఇస్తా" అంది దిల్మై.
ఊడ్చేది ఆమే, టికెట్టు ఆమే,
చరిత్ర చెప్పేదీ ఆమే.

బోర్డు మీద ఆరెంజ్ బీచ్ అని ఉంది.
కనుచూపు మేరలో నారింజ చెట్టు లేదు.
దిగబోయే సైన్యం మ్యాపు మీద
రంగుల లెక్కన పెట్టుకున్న పేరట.
అంతకు ముందు ఏమనేవాళ్ళు? అన్నాను.
చెప్పింది, రెండుసార్లు, నెమ్మదిగా.
నా నాలుక తిరగలేదు.
నవ్వి ఊరుకుంది.

చదువుకునే వచ్చాను నేను:
ఎన్ని గంటలకు, ఎన్ని పడవలు, ఎంతమంది.
అంకెలన్నీ జేబులోనే ఉన్నాయి.
ఈ ఎండలో, ఈ తెల్లటి ఇసుకలో
వాటిని ఎక్కడ దించాలో తెలియలేదు.

నీళ్ళు మోకాలు దాటని చోట
తుప్పు పట్టిన ఇనుము ఏదో
గేదె వీపులా తేలి ఉంది.
చిట్టి చేపలు దాని కిటికీలోంచి పోయి వస్తున్నాయి,
పక్కింటికి తోడు పెరుగు కోసం వెళ్ళినంత తేలిగ్గా.

"ఆ ఎర్ర మేకు దాటి అడుగెయ్యకండి.
నేల ఇంకా అన్నీ బయటపెట్టలేదు."

సంచి విప్పి పచ్చి వక్క తీసింది,
ఆకు, పగడం కాల్చి చేసిన సున్నం.
ఇన్ని సముద్రాలు దాటొచ్చాక
నాకు తెలిసిన వాసన ఇదొక్కటే.
ఇద్దరం దవడన పెట్టుకున్నాం.

వచ్చేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్నట:
సరిగ్గా ఎక్కడ?
మా నాన్న సరిగ్గా ఎక్కడ, మా పెదనాన్న సరిగ్గా ఎక్కడ.
జపాను నుంచి వచ్చిన ఒక ముసలామె
గుప్పెడు ఇసుక రుమాల్లో మూటగట్టుకుపోయింది.
అమెరికా ఆయనొకడు ఎదురు తెచ్చాడు,
వాళ్ళ నాన్న అటక మీద అరవయ్యేళ్ళు దాచిన ఇసుక,
కాఫీ డబ్బా నిండా.
తిరిగి ఇచ్చేస్తానన్నాడు. రసీదు కావాలన్నాడు.
"ఏమని రాయను?
'ఇసుక, ఒక డబ్బా, ముట్టినది' అని రాసి
సంతకం పెట్టాను.
ఎక్కడ పొయ్యను? సరిగ్గా ఎక్కడ? అన్నాడు మళ్ళీ.
అల వచ్చేదాకా ఆగమన్నాను."

కాసేపు నమిలింది.

"మా అమ్మమ్మని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.
ముందే ఊరు ఖాళీ చేయించి
పెద్ద దీవి అడవుల్లోకి తోలేశారు.
తిరిగొచ్చేసరికి ఊరు కాదు, దీవే లేదు.
అంటే, ఉంది. తెల్లగా,
కోరేసిన కొబ్బరి చిప్పలా.

మాకు నేల అమ్మ వైపు నుంచి వస్తుంది.
కాగితాల్లేవు, చెట్లే హద్దులు.
ఈ సీమపనస నుంచి ఆ బాదం దాకా మాది,
పొన్న దాటితే పిన్ని వాళ్ళది.
చెట్టే లేకపోతే ఏది ఎవరిది?
బుల్డోజర్లు చదును చేసిన నేల మీద
ఆడవాళ్ళంతా వంగి వంగి తిరిగారట,
జారిన సూది వెతుక్కుంటున్నట్టు.

మూడో రోజు అమ్మమ్మ ఒక గుంటలో దిగి
కదలకుండా నిలబడిపోయింది.
పైన నూనె తెట్టు. గడ్డిపోచ లేదు.
అడుగున, సరిగ్గా మడమ కింద,
చల్లటి ఊట తగిలింది.
'ఇదే మా చేమమడి' అంది.
రుజువేదీ అనలేదు ఎవరూ.
ఆ మడమ నుంచి అడుగులు లెక్కపెట్టి
పక్కావిడ తన మడి కనుక్కుంది.
ఆవిడ నుంచి ఇంకొకావిడ.
పొద్దు వాలేసరికి
ఊళ్ళో సగం దొరికింది.

మిగతా సగం?
ఇప్పటికీ పోట్లాడుకుంటాం."

పోటు మొదలైంది.
గేదె వీపు మునిగిపోయింది, చేపలతో సహా.
నోట్లో ఎర్రగా ఊరింది.
ఇసుక మీద ఉమ్మబోయి ఆగాను.
దిల్మై బెంచీ కిందకి చెయ్యి పోనిచ్చి
ఒక డబ్బా తీసి తను ఉమ్మింది.
పాత కాఫీ డబ్బా. మూత లేదు.
నేను దానికేసి చూడటం చూసి
"ఆయనదే. పారెయ్యడం ఎందుకని ఉంచా" అంటూ
నా వైపు జరిపింది.