వైరుకి కాస్త వదులు

జీలాంగ్‌లో మా వంటింట్లో పనిచేసే ప్లగ్గు ఒక్కటే.
అదీ కుడివైపు గోడకి, కెటిల్ పక్కన.
నాదేమో పుర్రచెయ్యి.
అందుకని ఇస్త్రీపెట్టె వైరు
ప్రతిసారీ నా పొట్టమీదుగా రావాలి,
కిటికీ సీటు దొరికినవాడు
అందరి మోకాళ్ళూ దాటుకుంటూ వెళ్ళినట్టు.

బొంత కుడుతున్నాను.
అరచెయ్యంత ముక్కలు, నూట నలభై నాలుగు.
రెండేసి కలిపాక
లోపలి కుట్టుని ముదురు రంగువైపు పడుకోబెట్టి
వేడిమీద అణచాలి.
లేతవైపుకి వాలిందా, పైకి కనబడిపోతుంది
తెల్లచొక్కా కింద చిరుగుల బనీనులా.

ముందుకి తోస్తే వైరు బల్లంచుకి తట్టుకుంటుంది.
వెనక్కి లాగితే
అప్పుడే చదునైన వరుసమీద తోక ఈడుస్తుంది.
ఒక గుండుసూది లేస్తుంది,
ఒక మూల ముడుచుకుంటుంది,
మళ్ళీ మొదటికి.

భుజంమీద వేసుకున్నాను, తువ్వాలులా. జారింది.
పళ్ళతో పట్టుకున్నాను.
మా ఆయన చూసి "కరెంటుతో సరసమా" అని
ఆ పూటంతా నా వెనకే తిరిగాడు.
హ్యాంగరు వంచి అలమర పిడికి కట్టాను.
తలుపు ఊడి చేతికొచ్చింది,
దానితో బాటు మెంతుల డబ్బా.
అదును తప్పితే తాడే పామై కరుస్తుందంటారు.
మా ఇంటి పాము అదునూ చూడలేదు, పదునూ చూడలేదు.

జులై చలి. కోరియో బే గాలి
తలుపు సందుల్లో ఈల వేస్తోంది.
పక్కింటి జ్వోంకో గిన్నె తిరిగివ్వడానికొచ్చాడు.
పప్పుచారు పంపిన గిన్నె,
పెరట్లో నిమ్మకాయలతో నింపుకొచ్చాడు.
ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ
వేరువేరు ఊళ్ళలో కుట్టించుకున్నవి,
కొలతలు కుదరవు.
గుమ్మంలోనే నిలబడి
నేనూ వైరూ కుస్తీపడటం చూశాడు.
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చినప్పుడు చేతిలో
మొన విరిగిన గాలపు కర్ర, వడ్రంగి బిగింపు ఒకటి.
కర్రని బల్లకి కుడిమూల బిగించాడు.
చివరి రింగుకి రబ్బరు బ్యాండుతో వైరు కట్టాడు.
"లాగకు" అన్నాడు. "ఇవ్వు.
చేప నీ దగ్గరికి రావాలంటే
ముందు నువ్వు దారం ఇవ్వాలి."

ఎడమచేత్తో పెట్టె తోశాను.
కర్ర వంగింది.
వైరు నా తలమీదుగా గాల్లో నడిచొచ్చింది,
బట్టని ముట్టుకోకుండా.
వెనక్కి తెచ్చాను. కర్ర నిటారుగా లేచింది.
నూలు వాసన, ఆవిరి,
ఒక వరుస మొత్తం
ఒక్క ముడత లేకుండా.

ఇప్పుడు మా ఆయన డ్యూటీ నుంచి రాగానే
బూట్లు విప్పుతూ అడుగుతాడు,
"ఎన్ని పడ్డాయి?"
"ఇవాళ ఇరవై ఎనిమిది."
"పెద్దవేనా?"
"అన్నీ అరచెయ్యంతే."

రెండో తరగతిలో సత్యవేణి టీచరు
నా బలపాన్ని ఎడమ నుంచి కుడికి మార్చేది,
కణుపులమీద స్కేలుతో.
ఇంట్లో అమ్మ రాజీ కుదిర్చింది:
అన్నానికీ ప్రసాదానికీ కుడి,
తక్కినవి నీ ఖర్మ.
కత్తెర కొనబోతే షాపువాడు నవ్వాడు.
పెళ్ళిలో తలంబ్రాలు తప్పుచేత్తో పోశానని
పెద్దత్తగారు మూడు పండగలపాటు చెప్పుకున్నారు.
నలభై ఏళ్ళు, తప్పు చేతిదే అనుకున్నాను.
ప్లగ్గు ఎటు పెట్టారో
ఒక్కసారీ తలతిప్పి చూడలేదు.

జ్వోంకోకి ఇవేవీ చెప్పలేదు.
చెప్పడానికి మాటలూ చాలవు.
ఆయన చొక్కా చేతులు రెండంగుళాలు కురచ చేసిచ్చాను,
మళ్ళీ నిమ్మకాయలొచ్చాయి.
ఊరగాయ పెట్టాను,
ఇల్లంతా జాడీలు.

రాత్రి పదిన్నర.
స్విచ్చి ఆపి, పెట్టెని మడమమీద నిలబెట్టాను.
లోపల ఇనుము చల్లారుతూ
టిక్కుమంటోంది.
లైటు తీసేశాక కూడా
వీధిదీపం వెలుగులో
కర్రకొన సన్నగా ఊగుతూనే ఉంది,
ఇంకా ఏదో
కొరుకుతున్నట్టు.