రెండో గోడ

వీపులో సూది దించినాక
నడుము కింద నేను లేను.
పచ్చగుడ్డకి అవతల
ఎవరిదో కాలు, ఎవరిదో గొడవ.
"నిద్ర మందు ఇయ్యమంటావా?" అన్నాడు మత్తు డాక్టరు.
వద్దులే సార్, మేలుకోనే ఉంటా.
పదహారేండ్లు బోరుబండి మీద
రాత్రిళ్ళు మేలుకోనే బతికినా.

పలమనేరు దాటినాక, బైరెడ్డిపల్లె దావలో
కేసింగు పైపు జారి మోకాలి కింద పడింది.
మా డ్రైవరు సెల్వం తువ్వాలతో బిగించి
"పుత్తూరు పోదామా?" అన్నాడు.
మా నాయన చెయ్యిరిగితే పుత్తూరు కట్టే.
ఆకుపసురు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు.
ఆ చెయ్యి మళ్ళా నలభై ఏండ్లు మడక పట్టింది.
నా ఎముక మాత్రం తోలు చించుకోని
బయటికొచ్చి నన్నే చూస్తా ఉండాది.
"ఇది కట్టుకి లొంగేది కాదన్నా" అని
పుత్తూరాయనే ఫోన్లో చెప్పినాడు,
"తిరపతి పొండి, ఇప్పుడే పొండి."

కస్తూరి డాక్టరమ్మ ఎక్స్‌రేని
వెలుతురుకి ఎత్తి పట్టుకునింది.
అరచేతిలో టెంకాయ పెట్టుకోని
చేను చుట్టూ తిరిగే మనిషి గుర్తొచ్చినాడు.
ఆయన టెంకాయ లేచిన చోట మేము మేకు కొడతాం.
ఈమె వేలు ఒక చోట ఆగింది.

గుయ్యిమని సన్నటి మోత.
బిట్టు కొత్తది. నాకు తెలుస్తుంది.
మొద్దుబారింది ఏడుస్తుంది,
ఇది పాడతా ఉండాది.
గట్టి రాయి. గట్టి రాయి.
ఒక్కసారిగా గొంతు మారింది.
గుల్ల.
మళ్ళా గట్టి.
"ఇది రెండో గోడ" అనిందామె, ఎవరికో నేర్పిస్తా,
"చేతికంటే ముందు చెవికి తెలియాలి.
దాటినాక వెంట్రుకవాసి కూడా పోకూడదు."
పచ్చగుడ్డ ఇవతల నేను తలూపినా.
మా సెల్వమూ అంతే,
నాలుగు నూర్ల అడుగుల కింద రాయి మారితే
లివరు మీద చెయ్యి పెట్టే చెప్పేస్తాడు.

చెంగల్రాయుడు.
ఆ పేరు ఆ బల్ల మీద ఎందుకొచ్చిందో.
ఆయన చేన్లో మూడు బోర్లు వేసినాం.
ఆవుల్ని అమ్మి ఒకటి,
పెండ్లాం కమ్మలు తాకట్టు పెట్టి ఒకటి,
మూడోది దేంతో వేసినాడో మేము అడగలేదు.
పదకొండు నూర్ల అడుగులు. పైకొచ్చింది పిండి.
మా మొగాల మీద, రెప్పల మీద,
ఆయన చెనిక్కాయ చెట్ల మీద బూడిద రంగు పిండి.
తెల్లారి అయిదుకి బండి ఆపితే
గుప్పెడు తీసుకోని
వేళ్ళ మధ్య నలిపి, నలిపి చూసినాడు,
తడి ఏమన్నా ఉండాదేమోనని.
నేను పక్కన నిలబడి లెక్క రాసుకుంటా ఉండా,
అడుక్కి ఇంత.

"డాక్టరమ్మా" అన్నా గుడ్డ మీదుగా,
"పిండొస్తా ఉండాదా?"
మోత ఆగింది.
"ఏంటయ్యా?"
"బిట్టుకి అంటుకోని బయటికొచ్చేది. పొడిదా, తడిదా?"
మత్తు డాక్టరు నా బీపీ చూసుకున్నాడు.
ఆమె కొంచేపు పలకలేదు.
తర్వాత పని చేసే గొంతుతోనే చెప్పింది,
"తడే. నెత్తురొస్తోంది.
నెత్తురొచ్చే ఎముకే అతుక్కుంటుంది."

నీళ్ళు పడితే
చేనాయన మొదట నవ్వడు,
దోసిట్లో పట్టి నెత్తిన పోసుకుంటాడు.
నాకు చేతులు రెండూ కట్టేసి ఉండాయి.
నర్సు మునీరున్నీసా దూదితో నా కండ్లు తుడిచి
"నొప్పా?" అనడిగింది.

రేకుకి ఏడు మరలు.
నాలుగోది పట్టలేదు, గిర్రున తిరిగింది.
తీసేసి పక్క బెజ్జంలో మళ్ళా తొలిచినారు.
దానికి అడుక్కింతని
ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు వాకరు.
రాత్రయితే వార్డు కిటికీలో కొండ,
దాని మీద మెట్లదావ దీపాలు.
పక్క మంచం పిల్లోడు వాటిని లెక్కపెడతా నిద్రపోతాడు.
ఆరు వారాలకి కాలు మోపొచ్చంట.
మోపినాక ముందు ఎవరి చేనికి పోవాలో తెలుసు,
పోయి ఏం మాట్లాడాలో తెలీదు.
ఆ మూడో బెజ్జానికి
మూత వేసినారో లేదో
ముందు అది చూస్తా.