అర మిల్లీమీటరు

మా ఇద్దరి మధ్య తగవు
అర మిల్లీమీటరు.

నవ్వకండి. గోరు మందం లేని ఆ తేడాకి
తమా నదికి అటొక ల్యాబు, ఇటొక ల్యాబు లేచాయి.
మేం బొమ్మల్ని డిస్కులో
సున్నా పాయింట్ ఆరు లోతున దాచేవాళ్ళం,
పాత డీవీడీ దాచుకున్న చోటే.
ఉన్న యంత్రాలనే కాస్త సర్దితే చాలనేవాళ్ళం.
వాళ్ళు సున్నా పాయింట్ ఒకటి దగ్గర,
దాదాపు చర్మం మీదే, రాసేవాళ్ళు.
లేజరు మాత్రం ఇద్దరిదీ ఒకటే,
నేరేడుపండుకి కాస్త ఇవతలి నీలం.

అవతలి ఒడ్డున పనిచేసే యసుతోకిని
చేసుకున్నాను.
పెళ్ళిలో మా మేనేజరు అతనికి సాకే పోస్తూ
సీసా వదలకుండానే
"ఇంట్లో ఆఫీసు మాటలు వద్దు, కినుఎ" అన్నాడు నాతో.
వద్దనుకున్నాం.
ముల్లంగి పులుసులో ఉప్పు గురించీ
గ్యాసు బిల్లు గురించీ మాట్లాడుకున్నాం.
అతను గదిలోకెళ్ళి ఫోనెత్తితే
వినపడకుండా నేను కుళాయి తిప్పేదాన్ని.
నిజం చెప్పొద్దూ,
రెండుసార్లు తిప్పలేదు.

వాళ్ళకి పొరకి ఇరవై ఐదు గిగాలు, మాకు పదిహేను.
మాది చవక అన్నాం.
మీది గీతలు పడుతుంది అన్నాం.
వాళ్ళు పైన గట్టి పూత పూసుకొచ్చారు.
ఆ జనవరిలో,
ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళు
గొడుగు అటు తిప్పారు.
ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మా క్యాంటీన్ టీవీలో
మా ఓటమిని మేమే చూశాం.
మంచి టీవీ అది. మేం చేసిందే.
తల వంచిన మా పెద్దాయన నెత్తిన
ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు.

ఆ రాత్రి యసుతోకి కమలాపళ్ళు తెచ్చాడు.
ఒకటి వలిచి, పీచంతా తీసి,
తొనలు విడదీసి నా ముందు పెట్టాడు.
గెలిచినవాడు మాట్లాడింది అంతే.

తర్వాత కొన్నేళ్ళకి వాళ్ళ ల్యాబూ మూశారు.
జనానికి పళ్ళెం అక్కర్లేకపోయింది,
సినిమా తీగల్లోంచి నేరుగా వస్తోంది.
ఆ రోజు నేనేం వలిచానో గుర్తులేదు.
ఏమీ వలవలేదేమో.

ఇప్పుడతను ఆదివారాలు పాత సామాన్ల సంతకెళ్ళి
చచ్చిన ప్లేయర్లు కొంటాడు.
మావాటినే. ఓడినవాటినే.
లోపలి కటకాలు పీకి
అగ్గిపెట్టెల్లో దూది మీద పడుకోబెడతాడు.
మొన్న నాలుగో శవంలోంచి తీసిన కన్ను
నా యంత్రానికి అతికింది.
"ఏదైనా పెట్టు" అన్నాడు, ఎటో చూస్తూ.

నా దగ్గరున్నది ఒకే డిస్కు, పరీక్ష కోసం తీసింది.
పదకొండు నిమిషాల వాన,
మా ల్యాబు కార్ల పార్కింగులో.
గోడని కుదించొచ్చు, ఆకాశాన్ని కుదించొచ్చు,
ముందు ఫ్రేములో ఉన్నదే తర్వాతా ఉంటుంది.
వాన ముందు చినుకు మాట వినదు.
అందుకే వానతో పరీక్షించేదాన్ని.

ఏడో నిమిషంలో
గేటు బయట ఒక గొడుగు ఆగుతుంది.
లోపలికి రాకూడని కంపెనీ మనిషి,
బూట్లలో నీళ్ళు, చేతిలో ఇంకో గొడుగు,
మడిచినది.

యసుతోకి ముందుకు వంగాడు.
చాలాసేపు చూశాడు.
"ఈ మూల గళ్ళు గళ్ళుగా పగులుతోంది" అన్నాడు.
"గొడుగు అంచు దగ్గర. బిట్ రేటు చాల్లేదు మీకు."

మా మేనల్లుడు రెంజి ఫోనులో నవ్వాడు.
"ఇంకా డిస్కులేంటత్తా, క్లౌడ్‌లో పెట్టెయ్."
వానని తీసుకెళ్ళి మళ్ళీ మబ్బులో పెట్టాలట,
నెలనెలా అద్దె కట్టి.
పెడతాలే అన్నాను. పెట్టాలి కూడా.
ఈ పొర ఇప్పటికే అంచున తేనెరంగు తిరుగుతోంది.

ట్రే ఇరుక్కుంది.
యసుతోకి వంటింట్లోంచి తినే పుల్ల తెచ్చి
మెల్లగా పైకి లేపుతున్నాడు.
"తియ్యకు" అన్నాను.
"తియ్యట్లేదు" అన్నాడు,
"ఏడో నిమిషం ఎలా వెతకాలి దీన్లో?"