కాకి వాలిన మట్టం

చిత్రకొండ రేవులో లాంచీ ఎక్కేముందు
జూనియర్ ఇంజనీరు చేతిలో పెట్టినవి
తుప్పు తాళంచెవి, టార్చిలైటు,
"పొద్దున ఆరింటికి నీళ్ళెంతున్నాయో రాయి, అంతే" అనే మాట.
పదకొండు రోజులకి బదిలీ మనిషిని నేను.
అసలు మనిషి నిరాకార్ బెహరా
పేరుకు తగ్గట్టే నెలనుంచీ అయిపు లేడు.

నన్ను దించేసి లాంచీ తిరిగిపోయింది.
దాని చప్పుడు మాత్రం
కొండకీ కొండకీ మధ్య పావుగంట దారి వెతుక్కుని
ఎక్కడో దొరికినట్టుంది, ఆగిపోయింది.

రేకుల గది. ఒక కిటికీ.
మంచం కింద ఎవరివో చెప్పులు, రెండూ ఎడమవే.
మేకుకి తాడేసి కట్టిన రిజిస్టరు,
కరిచే కుక్కని కట్టినట్టు.

నాకు ఒరియా మాట్లాడ్డం వచ్చు,
బలిమెల సంతలో అమ్మ చింతపండు అమ్మిన ఒరియా.
చదవడం రాదు.
వాళ్ళ ఒకటి నా కంటికి తొమ్మిది.
లాంతరు వెలుతుర్లో నిన్నటి అంకె చూసి లెక్కేస్తే
నీళ్ళు ఈపాటికి మంచం కోళ్ళ దగ్గరుండాలి.
ఆ రాత్రి ఎన్నిసార్లు కాలు కిందకి దించి
నేలని తడిమానో!
ప్రతిసారీ పొడినేలే తగిలింది.
ప్రతిసారీ నమ్మలేదు.

తెల్లారి మంచులోంచి
ముందు తెడ్డు, తర్వాత దోనె, తర్వాత మనిషి.
సుక్రా ఖిలో. ఆనపబుర్రలో చోడంబలి తెచ్చాడు.
రిజిస్టరు చూపిస్తే పగలబడి నవ్వాడు.
"అది ఒకటి అక్కా! బెహరాబాబు రాస్తుంటే
నేను పక్కన కూచునేవాణ్ణి కదా."
నవ్వుతూ గుమ్మంలో కాళ్ళు చాపాడు.
రెండు కాళ్ళకీ కుడి చెప్పులే.
అదేంటని అడిగితే ఇంకా నవ్వాడు.
ఇప్పటికీ నాకు తెలీదు.

అతనికి మా ఇనుప స్కేలుతో పనిలేదు.
రేవుకి బారెడు దూరంలో
నీళ్ళలోంచి వేలెత్తినట్టు ఒక ఎండుకొమ్మ.
అది మునిగితే ఎక్కువ,
దానిమీద కాకి వాలితే తక్కువ.
"ఇప్పచెట్టు చిటారు అది.
మా అమ్మ దాని మొదట్లో పూలు ఏరేది" అన్నాడు,
వాతావరణం గురించి చెప్పినట్టు.

దోనె కట్టడానికి ఆ కొమ్మ పట్టుకున్నప్పుడు
వంగి కిందకి చూశాను.
ఏ ఇంటి కప్పో, పొయ్యిరాళ్ళో కనిపించాయని
చెబితే బాగుండేది.
ఆకుపచ్చ చీకటి కనిపించింది.
అందులో నా ముక్కు వంకరగా.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో వరస గుర్తులేదు.
నీటికాకులు రెక్కలారేసుకునేవి, తీగమీద చొక్కాల్లా.
ఎండుచేపల వాసనకి ఓ రాత్రి నీటికుక్క
తలుపు గీరింది, నేను లోపల్నించి దగ్గాను,
అది బయట్నించి తుమ్మింది,
ఇద్దరం పడుకున్నాం.
ఫోనుకి సిగ్నలొచ్చే బండ ఒకటుందని
సుక్రా చూపించాడు. ఒకసారి ఎక్కి దిగాను.
ఎవరికి చెయ్యాలో ఆలోచించేలోపు
కాళ్ళకింద ఎండ వెచ్చగా ఉందనిపించి
ఊరికే కూచున్నాను.

తొమ్మిదోరోజు కొమ్మమీద కాకి వాలింది.
అంకె రాశాక చెయ్యి ఆగలేదు,
రిమార్కుల గడిలో అదీ రాశాను.

చిత్రకొండలో ఇంజనీరు కళ్ళజోడు పైకి తోసి
"ఈ కాకి గోలేంటి?" అన్నాడు.
"నీళ్ళు తగ్గాయి సార్."
ఎర్ర పెన్నుతో కాకిని కొట్టేశాడు,
అంకెని ఉంచాడు.
ఆ అంకె నా ఒకటో, వాళ్ళ తొమ్మిదో
ఆయన అడగలేదు.
నేనూ చెప్పలేదు.