పద్నాలుగో గది కుర్చీ

బోరా గాలి లేచిన రోజు
త్రియెస్తె వీధుల్లో గొడుగులు బతకవు.
అలాంటి పొద్దున
పంతొమ్మిది మంది పిల్లలు
ఒకే తాడు పట్టుకుని కొండ వీధి దిగి
మా మ్యూజియం తలుపులోకి
రాలిన ఆకుల్లా కొట్టుకొచ్చారు.
వెనకాలే నీవెస్ టీచర్,
సగం మెడకీ సగం గాలికీ చుట్టుకున్న శాలువాతో.

పిల్లలకి పటాలు చూపించే అమ్మాయికి జ్వరం.
"ఫుల్వియో, ఇవాళ నువ్వే తిప్పు" అన్నారు పైవాళ్ళు.
కాపలావాణ్ణి.
ఇరవై ఆరేళ్ళుగా నా నోటికి వచ్చిన పాఠం ఒకటే:
ముట్టుకోవద్దు.
ఆ ఒక్క ముక్కతో గంటసేపు ఎలా నెట్టుకురాను?

ముందు చేతులు చూపించమన్నాను.
చాక్లెట్ వేళ్ళు, సిరా వేళ్ళు,
ఒకడి గోళ్ళ కింద
దారిపొడుగునా గీరిన ఊరి గోడలు.
"ఇవి జేబుల్లో పడుకుంటాయి.
ఇవాళ నడిచేవి కళ్ళు."
"మరి కళ్ళకి చెప్పులో?" అంది ఒత్తావియా.
మొదటి మెట్టు మీదే ఓడిపోయాను.

మొదటి గదిలో దేవదూతలు.
ఎవరు గీశారో, ఏ ఏట గీశారో
గుటక వేసి మొదలుపెట్టానో లేదో
యెర్నెయ్ చెయ్యెత్తాడు:
"ఇంత పెద్ద పటం ఆ తలుపులో ఎలా పట్టింది?"
పట్టలేదురా.
కిటికీని చట్రంతో సహా పీకేశాం.
ఎనిమిది మందిమి, నాలుగు తాళ్ళు,
ఒక మోకు ఇదిగో ఈ భుజం మీద.
సగం దారిలో ఈ దేవదూత
తలకిందులుగా వేలాడుతూ
కింద చేపల బండిని చూశాడు.
అప్పుడు నోళ్ళు తెరిచారు పిల్లలు.
రెక్కలున్నవాడి బరువు
వాళ్ళకి భుజంలో తెలిసింది.

మూడో గదిలో ఒకచోట ఖాళీ గోడ.
పటం బాగుచేతకి వెళ్ళింది.
చుట్టూ ఎర్ర రంగు వెలిసిపోయి
నడుమ పటమంత మేర
నిన్న వేసినంత ఎరుపు.
దాటించేద్దామనుకున్నాను.
వాళ్ళు అక్కడే చతికిలబడ్డారు.
"ఇక్కడ ఏముండేదో మీరే చెప్పండి" అన్నాను,
తప్పించుకుందామని.
ఓడ, అన్నారు. నిద్రపోతున్న గుర్రం.
మా అమ్మమ్మ, కానీ చిన్నప్పటిది.
లోపల ఎవరో ఉన్న చీకటి.
నిజానికి అక్కడుండేది
పళ్ళెంలో మూడు చేపలు.
చెప్పలేదు.
ఆ గుర్రం ముందు వాటికి చిన్నతనం.

పద్నాలుగో గదికి వచ్చేసరికి కాళ్ళు పీకాయి కాబోలు,
దారంతా పెదవి కదపని జోరా
నా కుర్చీ ఎక్కేసింది.
అందులో ఎవరూ కూర్చోకూడదు. అది రూలు.
లెమ్మనబోయాను.
తలుపుకి వీపు పెట్టి, మోకాళ్ళ మీద నిలబడి,
కుర్చీ వెన్నుకి గడ్డం ఆనించి
వెనక గోడ మీది
బూడిద రంగు చేతితొడుగుల ఆవిణ్ణి చూస్తోంది.
"ఈమె ఈ కుర్చీనే చూస్తోంది" అంది.
"అందర్నీ చూస్తుందమ్మా, అదే చిత్రకారుడి నేర్పు,"
పుస్తకంలో మాట అప్పజెప్పాను.
"కాదు. నువ్వెటు తిరిగి కూర్చుంటావు?"
తలుపు వైపు.
వచ్చేవాళ్ళ చేతుల వైపు.
"అయితే ఇన్నేళ్ళూ
నీ మెడ వెనక చూస్తూ ఉండిపోయింది, పాపం."
ఒత్తావియా ఊరుకుంటుందా:
"నీ బట్టతల ఎప్పుడు మొదలైందో
ఈమెనే అడగాలి!"
గది గదంతా నవ్వు.
నీవెస్ టీచర్ కూడా, శాలువా అడ్డం పెట్టుకుని.

మళ్ళీ తాడు, మళ్ళీ గాలి.
వీధి మలుపులో ఒక టోపీ ఎగిరి
సముద్రం దారి పట్టింది.

సాయంత్రం రిజిస్టరులో రాశాను:
పిల్లలు పంతొమ్మిది. నష్టం లేదు.
కుర్చీ చేతి మీద
చిన్న చాక్లెట్ వేలిముద్ర.
తుడవాలి. రేపు తుడుస్తాను.
కాలర్ సరిచేసుకున్నాను,
మెడ వెనక ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాను.
ఎప్పటిలాగే
తలుపు వైపు తిరిగి కూర్చున్నాను.